పన్నుల నీడలో పెరిగిన బండి: యూరప్ డీజిల్ ఎస్టేట్ కారు చరిత్ర

ఇరవయ్యో శతాబ్దపు చివరి పాతికేళ్లలోనూ ఆ తరువాతి పదిహేనేళ్లలోనూ పశ్చిమ యూరప్ మధ్యతరగతి కుటుంబాల ఆదరణ విశేషంగా పొందిన డీజిల్ ఎస్టేట్ కారు, అందులోనూ గేర్లను తనంతట తానే మార్చుకునే ఆటోమేటిక్ రకం, ఒకే తయారీదారు ఊహలోంచి ఒక్కసారిగా పుట్టుకొచ్చినది కాదు. దాని ఆకారం ఒక అవసరం నుంచి, ఇంజను మరొక అవసరం నుంచి, గేరుబాక్సు వేరొక ఖండపు విలాసం నుంచి వచ్చాయి. ఈ మూడింటినీ ఒకచోట చేర్చిన ఘనత ఇంజనీర్లకు ఎంత దక్కుతుందో, ఇంధనం మీదా వాహనాల మీదా పన్నులు నిర్ణయించిన ఆర్థిక శాఖలకూ ఇంచుమించు అంతే దక్కుతుంది. మామూలు సెడాన్ కారులో సామాను పెట్టుకునే డిక్కీ కూర్చునే గదికి వెనుక విడిగా ఉంటుంది. ఎస్టేట్ కారులో పైకప్పు వెనుక చివరిదాకా సాగుతుంది, వెనుక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది, వెనుక సీటును మడిస్తే లోపలి భాగమంతా ఒకే గది అవుతుంది.

ఈ ఆకారానికి మూలం అమెరికా రైల్వే స్టేషన్ల దగ్గరా బ్రిటన్ జమీందారీ ఎస్టేట్లలోనూ కనిపిస్తుంది. రైలు దిగిన ప్రయాణికులనూ వారి పెట్టెలనూ హోటళ్లకు చేర్చే గుర్రపు బండ్ల స్థానంలో, మోటారు వాహనాలు వచ్చాక, కారు చట్రం మీద వడ్రంగులు కట్టిన చెక్క గది వెలిసింది. బ్రిటన్‌లోనైతే వేటకు వెళ్లే బృందాన్నీ తుపాకులనూ కుక్కలనూ మోయడానికి ఇలాంటి బండినే కట్టించుకునేవారు. రెండు చోట్లా అది కూలి మనుషులో నౌకర్లో నడిపే పనిబండే తప్ప యజమాని తన హోదా చూపుకోవడానికి ఎక్కేది కాదు. ఫోర్డ్ సంస్థ 1929లో తన మోడల్ ఎ చట్రం మీద చెక్క గదితో స్టేషన్ వ్యాగన్‌ను స్వయంగా తయారుచేసి అమ్మడంతో ఈ బండి వడ్రంగి కొట్టు నుంచి కర్మాగారంలోకి అడుగుపెట్టింది. చెక్క వానకు నానుతుంది, ఎండకు బీటలిస్తుంది, ఏటేటా వార్నిష్ కోరుతుంది. ఆ భారం 1940ల చివర పూర్తి ఉక్కు గది వచ్చాకగానీ తీరలేదు. అయినా బ్రిటన్‌లో 1953లో వచ్చిన మోరిస్ మైనర్ ట్రావెలర్ తన వెనుక భాగపు బరువును యాష్ చెట్టు కలప చట్రం మీదే మోసింది. అదే 1953లో స్వీడన్‌లో వోల్వో డ్యుయెట్ వచ్చింది. వారమంతా సరుకులు మోసి, ఆదివారం కుటుంబాన్ని సరస్సు ఒడ్డుకు తీసుకెళ్లే చిన్న వ్యాపారిని మనసులో పెట్టుకుని చేసిన బండి అది; రెండు కార్లు కొనలేని ఇంటికి ఒకే కారు రెండు పనులూ చేయాలన్న సూత్రం యూరప్ ఎస్టేట్ చరిత్ర మొత్తానికీ పునాది అయింది.

డీజిల్ ఇంజను కథ ఇంతకంటే బరువైనది, అక్షరాలా బరువైనది. రుడాల్ఫ్ డీజిల్‌కు 1893లో జర్మన్ పేటెంటు లభించగా, ఆగ్స్‌బర్గ్‌లో 1897లో నడిచిన ఆయన ఇంజను ఇంధనంలోని శక్తిలో సుమారు 26 శాతాన్ని పనిగా మార్చి, ఆనాటి ఆవిరి యంత్రాలను చాలా వెనక్కి నెట్టింది. పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని స్పార్క్ ప్లగ్ మెరుపు అంటిస్తుంది; డీజిల్ ఇంజనులో గాలిని మాత్రమే విపరీతంగా నొక్కి, ఆ ఒత్తిడికే అది మండేంత వేడెక్కినప్పుడు ఇంధనాన్ని చిమ్ముతారు. అంత ఒత్తిడికి తట్టుకోవాలంటే ఇనుము మందంగా ఉండాలి, మందమైన ఇనుము బరువు పెంచుతుంది. అందుకే ఈ ఇంజను ముందు కర్మాగారాల్లోనూ ఓడల్లోనూ లారీల్లోనూ స్థిరపడి, కారులోకి రావడానికి నాలుగు దశాబ్దాలు తీసుకుంది. 1936 ఫిబ్రవరిలో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్-బెంజ్ చూపిన 260 డి అనే కారు 2.6 లీటర్ల ఇంజనుతో 45 హార్స్‌పవర్ ఇచ్చేది. దాన్ని ఎక్కువగా కొన్నది టాక్సీ యజమానులు, ఎందుకంటే రోజంతా తిరిగే బండికి మైలేజీ మీద మిగిలే డబ్బు కొన్న ధరలోని తేడాను తొందరగానే పూడుస్తుంది. యుద్ధం తరువాత 1949లో 170 డి, 1959లో ఫ్రాన్స్‌లో పెజో 403 డీజిల్ అదే బాటలో నడిచాయి.

ఆ కాలపు డీజిల్‌తో కాపురం ఓపికతో కూడుకున్న పని. చలి ఉదయాన ఇంజను తిప్పే ముందు ప్రతి సిలిండరులోని గ్లో ప్లగ్ అనే చిన్న తీగను కరెంటుతో ఎర్రగా కాల్చి, లోపలి గాలి మండే స్థితికి వచ్చేదాకా అర నిమిషమో నిమిషమో ఆగాలి. డాష్‌బోర్డు మీద పిడిని లాగిపట్టి, అక్కడున్న సూచిక ఎర్రబడేదాకా ఎదురుచూసే ఆ విరామాన్ని జర్మన్ డ్రైవర్లు రుడాల్ఫ్ డీజిల్ సంస్మరణార్థం పాటించే మౌనంగా వర్ణించి నవ్వుకునేవారు. ఆ తరువాత వచ్చే చప్పుడు, వణుకు, నల్లపొగ, బంకులో చేతికి అంటుకుని వదలని వాసన టాక్సీవాడికి వృత్తిలో భాగమే కానీ, భార్యాపిల్లలతో చర్చికి వెళ్లే గుమాస్తాకు అవి నామోషీగా తోచేవి.

గేరుబాక్సు వచ్చింది మరో ప్రపంచం నుంచి. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ప్రవేశపెట్టిన హైడ్రామాటిక్‌తో, క్లచ్ తొక్కడం, గేరు కర్ర కదపడం అనే రెండు పనులూ డ్రైవరు కాలి నుంచీ చేతి నుంచీ తప్పిపోయాయి. ఇంజనుకూ గేర్లకూ మధ్య లోహపు పలకల రాపిడికి బదులు నూనె ప్రవాహం శక్తిని అందించే ఏర్పాటు దానికి ఆధారం. అయితే నూనె ద్వారా సాగే శక్తిలో కొంత వేడిగా మారి వృథా అవుతుంది. చవక పెట్రోలూ పెద్ద ఇంజనులూ ఉన్న అమెరికాకు ఆ వృథా లెక్కలోకి రాలేదు. లీటరు లీటరుకూ లెక్క చూసుకునే యూరప్‌లో మాత్రం ఆటోమేటిక్ అంటే సంపన్నుల సొగసుగానో, కాలు సరిగా లేనివారి అవసరంగానో మిగిలింది. 65 హార్స్‌పవర్ మాత్రమే ఉన్న 1970ల నాటి మెర్సిడెస్ 240 డి వంటి బరువైన డీజిల్ కారుకు ఈ గేరుబాక్సు తగిలిస్తే అసలే అంతంతమాత్రమైన పికప్ ఇంకా పడిపోయేది. ఎత్తుగడ్డ మీద లారీల వెనుక వరుసలో నిలబడాల్సి వచ్చేది. పొదుపు కోసం పుట్టిన ఇంజనుకూ పొదుపు ఎరుగని గేరుబాక్సుకూ పొసగకపోవడం సహజమే.

వాటిని కలిపినది 1973, 1979 సంవత్సరాల చమురు సంక్షోభాలు, అమెరికా చట్టం, టర్బో అనే పరికరం. పెజో 504 ఎస్టేట్, దాని మూడు వరుసల సీట్ల రూపమైన ఫామిలియాల్ 1970లలోనే డీజిల్‌తో లభించాయి. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ డీజిల్ 1976లో చిన్న కుటుంబాలకు ఆ ఇంధనాన్ని అలవాటు చేసింది. వోల్వో 240 ఎస్టేట్‌కు 1979లో ఫోక్స్‌వ్యాగన్ నుంచి తెచ్చిన ఆరు సిలిండర్ల డీజిల్ దక్కింది. కానీ ఈ చరిత్రలో మలుపు అనదగినది బ్రెమెన్ కర్మాగారంలో 1978లో ఉత్పత్తి మొదలైన మెర్సిడెస్ టి-మోడల్. పనిబండిగా ఉన్న ఎస్టేట్‌ను అంత ఖరీదైన కారుగా, సెడాన్‌తో సమానమైన మర్యాదతో అమ్మడం ఆ సంస్థకు అంతవరకు లేని సాహసం. వెనుక ఎంత బరువు వేసినా కారు తోక కిందికి కుంగకుండా నూనె, వాయువుల ఒత్తిడితో ఎత్తును సరిచేసుకునే సస్పెన్షన్‌ను అందులో అదనపు హంగుగా కాక మామూలుగానే అమర్చారు. 1979లో ప్రకటించిన 300 టిడి టర్బోడీజిల్‌లో ఐదు సిలిండర్ల ఇంజను, నాలుగు గేర్ల ఆటోమేటిక్, ఎస్టేట్ ఆకారం మూడూ ఒకేచోట కలిశాయి. పొగగొట్టం గుండా వృథాగా పోయే వాయువులతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో ఇంజనులోకి ఎక్కువ గాలిని తోసే టర్బో వల్ల ఆ ఇంజను 125 హార్స్‌పవర్ ఇచ్చింది, అంటే ఆటోమేటిక్ మింగేది మింగినా ఇంకా మిగిలేంత బలం వచ్చింది. ఒక తయారీదారు అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వాడకానికి హద్దు గీసిన అమెరికా నిబంధన 1978 మోడళ్ల నుంచి అమలులోకి రావడం, ఆటోమేటిక్ తప్ప మరొకటి కొనని ఆ దేశంలో పెద్ద కార్లు అమ్ముకోవాలంటే డీజిల్ తప్పనిసరి కావడం ఈ కలయికకు అసలు ప్రేరణ. యూరప్ కుటుంబపు కారుగా తరువాత పేరుపడిన కూర్పు మొదట అమెరికా చట్టానికి జవాబుగా రూపుదిద్దుకున్నదన్న సంగతిని యూరప్ రచయితలు తరచుగా దాటవేస్తారు.

ఆ తరువాతి ఇరవై ఏళ్లలో డీజిల్ తన మొరటుతనాన్ని ఒక్కొక్కటిగా వదిలించుకుంది. ఇంధనాన్ని పక్క గదిలో కాక నేరుగా సిలిండరులోకే చిమ్మే పద్ధతితో 1989లో వచ్చిన ఆడి 100 టిడిఐ దూర ప్రయాణాల కారుగా పేరు తెచ్చుకుంది. 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ పద్ధతి బజారుకెక్కింది: అన్ని ఇంజెక్టర్లకూ ఉమ్మడిగా ఒకే గొట్టంలో 1,350 బార్ల దాకా ఒత్తిడితో ఇంధనాన్ని నిలవ ఉంచి, ఎప్పుడు ఎంత చిమ్మాలో ఎలక్ట్రానిక్ వ్యవస్థ నిర్ణయించే ఏర్పాటు అది. అసలు చిమ్ముకు ముందు ఒక చిన్న చుక్కను ముందుగా మండించే వెసులుబాటు దొరకడంతో డీజిల్‌కు జన్మతః వచ్చిన టకటక చప్పుడు చాలావరకు తగ్గింది. ఇటలీలో ఫియట్ పరిశోధకులు రూపొందించిన ఈ పద్ధతి జర్మన్ సంస్థ బాష్ చేతికి వెళ్లి, అక్కడి నుంచి యూరప్ అంతటా పాకింది. వోల్వో సొంత ఐదు సిలిండర్ల కామన్ రైల్ ఇంజను 2001లో వి70 ఎస్టేట్‌లోకి వచ్చేనాటికి, టాక్సీ ఇంజను అన్న మాట పాతబడిపోయింది.

అయితే ఇంజను ఎంత మెరుగైనా, పన్ను అనుకూలించకపోతే అది కుటుంబాల గుమ్మం ముందుకు అంత వేగంగా వచ్చేది కాదు. జర్మనీలో లీటరు పెట్రోలు మీద ఇంధన పన్ను 65.45 సెంట్లు, డీజిల్ మీద 47.04 సెంట్లు, దానికి బదులుగా డీజిల్ కారుకు వార్షిక వాహన పన్ను ఎక్కువ, కనుక ఏడాదికి ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగితే డీజిల్ గిట్టుబాటు అవుతుందో కుటుంబాలు కాగితం మీద లెక్కవేసి మరీ కొనేవి. ఫ్రాన్స్ కూడా రైతుల, రవాణాదారుల ఇంధనమన్న భావంతో డీజిల్‌ను చాలాకాలం తక్కువ పన్నుతో కాపాడింది. బ్రిటన్‌లో రెండింటి మీదా ఇంధన సుంకం సమానమే అయినా, ఉద్యోగులకు సంస్థలిచ్చే కార్ల మీద పన్నును 2002 నుంచి కార్బన్ డయాక్సైడు విడుదలకు ముడిపెట్టారు. లీటరు డీజిల్ కాలితే వెలువడే కార్బన్ డయాక్సైడు పెట్రోలు కంటే ఎక్కువే కానీ, కిలోమీటరుకు కావలసిన లీటర్లు బాగా తక్కువ కాబట్టి, డీజిల్ మీద అదనంగా వేసిన 3 శాతం కలిపినా ఉద్యోగికి మిగులే కనిపించింది. 2001లో బ్రిటన్ కొత్త కార్లలో ఐదో వంతు కూడా లేని డీజిల్ వాటా పదేళ్లలో సగానికి చేరింది. ఆ కాలంలో పశ్చిమ యూరప్ మొత్తం మీద సగం దాటింది. కార్బన్ డయాక్సైడు ఒక్కదాన్నే కొలబద్ద చేసుకుని, ఊపిరితిత్తుల్లోకి వెళ్లే మసినీ నైట్రోజన్ ఆక్సైడ్లనూ పక్కన పెట్టిన ఆ విధానం దూరదృష్టి లేనిదని ఇప్పుడు చెప్పడం తేలిక. కానీ అప్పట్లో దాన్ని ప్రతిపాదించినవారు పర్యావరణ హితం కోరే చెప్పారు.

పన్ను లెక్క ఆటోమేటిక్‌ను మాత్రం చాలాకాలం శిక్షించింది, ఎందుకంటే నూనెలో వృథా అయ్యే శక్తి నేరుగా కార్బన్ డయాక్సైడు అంకెలో కనిపించి పన్ను మెట్టును పైకి నెట్టేది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ సమూహం తెచ్చిన డీఎస్‌జీ గేరుబాక్సు ఈ చిక్కును విప్పింది. అందులో సరి గేర్లకు ఒక క్లచ్, బేసి గేర్లకు మరొక క్లచ్ ఉండి, ఒక గేరు నడుస్తుండగానే తరువాతి గేరు సిద్ధమై నిలుస్తుంది. డీజిల్ తిప్పుబలం ఎక్కువ కాబట్టి బలమైన డీజిల్ ఇంజనులకు క్లచ్ పలకలు నూనెలో తడిసి చల్లబడే రకాన్నే అమర్చారు. 2009లో జర్మనీకి చెందిన జెడ్ఎఫ్ సంస్థ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ను బీఎండబ్ల్యూ కార్లతో బయటికి తెచ్చాక, చేత్తో గేర్లు మార్చే కారు కంటే ఆటోమేటిక్కే తక్కువ తాగుతున్న సందర్భాలు కాగితాల మీదకు ఎక్కాయి. అప్పటిదాకా సోమరితనంగా భావించిన సౌకర్యం అప్పటినుంచి తెలివైన ఎంపిక అయింది. ఆల్ప్స్ దాటి సెలవులకు వెళ్లే కుటుంబం, వెనుక తగిలించిన ట్రైలరు, పైన సైకిళ్లు, కాళ్ల దగ్గర కుక్క, గంటల తరబడి సాగే ట్రాఫిక్ జాము: తక్కువ వేగంలోనే గట్టిగా లాగే డీజిల్‌కూ, ఎడమ కాలికి విశ్రాంతినిచ్చే ఆటోమేటిక్‌కూ ఇంతకంటే తగిన చోటు లేదు.

చిక్కంతా మిగతా పదకొండు నెలలదే. 2000లో పెజో 607తో మొదలై, 2009 నుంచి అమలైన యూరో 5 ప్రమాణంతో దాదాపు తప్పనిసరైన మసి వడపోత, అంటే డీపీఎఫ్, డీజిల్ కారుతో సహజీవనం తీరునే మార్చివేసింది. పొగగొట్టంలో అమర్చిన తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె మసిని పట్టి ఉంచుతుంది. అది నిండినప్పుడు కంప్యూటరు సిలిండరులోకి ఆలస్యంగా కొంత అదనపు ఇంధనాన్ని చిమ్మించి, వెలుపలికి పోయే వాయువులను సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కించి, ఆ మసిని బూడిద చేస్తుంది. ఈ దహనం పూర్తి కావాలంటే బండి హైవే మీద పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా నడవాలి. పిల్లలను బడి దగ్గర దింపి, కూరగాయలు కొని, మూడు కిలోమీటర్లలో ఇంటికి చేరే బండికి ఆ అవకాశమే రాదు. నిలబడి ఉన్నా ఇంజను కాస్త ఎక్కువ వేగంతో తిరగడం, ఆపేశాక కూడా ఫ్యాను గట్టిగా మోగుతూ ఉండటం, కాలిన వాసన రావడం దహనం ఇంకా సాగుతోందనడానికో, మధ్యలో తెగిపోయిందనడానికో గుర్తులు. ఇలా పదేపదే తెగితే, మండకుండా మిగిలిన డీజిల్ సిలిండరు గోడల వెంట జారి ఇంజను ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పుల్ల మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, పలుచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. చివరికి డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగి, మెకానిక్ దగ్గరికి వెళ్లడమో, పనేమీ లేకపోయినా ఆదివారం హైవే ఎక్కి బండిని తరమడమో తప్పదు. ఇంధనం ఆదా చేయాలని కొన్న కారును, అది శుభ్రంగా ఉండటం కోసం ఇంధనం తగలేస్తూ తిప్పవలసి రావడం ఈ చరిత్రలోని పెద్ద వైరుధ్యం. దాని బాధ్యతను కొనుగోలుదారుల అజ్ఞానానికి అంటగట్టడం న్యాయం కాదు, ఎందుకంటే తిరిగే దూరం చూడకుండా డీజిల్ కొనమని వారిని పురికొల్పినది పన్ను పట్టికే.

మసికి వడపోత ఉన్నా, ఎక్కువ వేడిలో ఎక్కువ గాలితో మండే డీజిల్‌లో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లకు వేరే చికిత్స కావాలి. యూరో 5లో కిలోమీటరుకు 180 మిల్లీగ్రాములున్న హద్దును యూరో 6 ఏకంగా 80కి దించడంతో, యూరియా ద్రావణాన్ని పొగలోకి చిమ్మి ఆ వాయువులను విడగొట్టే పద్ధతి కుటుంబపు కార్లలోకీ వచ్చింది. బంకులో డీజిల్‌తో పాటు ఆడ్‌బ్లూ అనే ఆ ద్రావణాన్నీ నింపుకోవడం మరో అలవాటైంది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్‌కు నోటీసు ఇచ్చింది. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగను శుద్ధిచేసే సాఫ్ట్‌వేరు ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల వాహనాల్లో ఉన్నట్టు ఫోక్స్‌వ్యాగన్ ఒప్పుకుంది. 2018లో జర్మనీ పరిపాలనా న్యాయస్థానం నగరాల్లో పాత డీజిళ్ల నిషేధానికి దారి తెరవగా, హాంబర్గ్ ఆ ఏడాదే రెండు వీధుల్లో దాన్ని అమలుచేసింది. లండన్ 2019 ఏప్రిల్ నుంచి నగరం నడిబొడ్డున యూరో 6 కాని డీజిల్ కార్ల మీద రోజువారీ రుసుము విధించి, 2023 ఆగస్టులో ఆ హద్దును మహానగరమంతటికీ విస్తరించింది. పదేళ్ల కిందట పన్ను తగ్గించి కొనిపించిన కారుకే ఊళ్లోకి రావడానికి సుంకం వసూలు కావడం అక్కడి కుటుంబాలకు మింగుడుపడలేదు.

భారతదేశంలో ఈ కూర్పు ఎందుకు నిలవలేదన్నది తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే ప్రశ్న. ఇక్కడ డీజిల్‌కు కొదవ లేదు; ఆ ఇంధనం ధర 2014 అక్టోబరు దాకా ప్రభుత్వ నియంత్రణలో పెట్రోలు కంటే బాగా తక్కువగా ఉండేది. టాటా సంస్థ 1992లో ఎస్టేట్ అనే పేరుతోనే 1.9 లీటర్ల డీజిల్ కారును, 2004లో ఇండిగో మెరీనాను తెచ్చినా రెండూ ఎక్కువకాలం నిలదొక్కుకోలేదు. తోక ఉన్న సెడాన్‌లో హోదా చూసిన కొనుగోలుదారుకు తోకలేని పొడవాటి బండి ఆసుపత్రి వ్యానులా తోచిందనుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, ఉమ్మడిగా తిరుపతి వెళ్లే కుటుంబానికి కావలసింది సామాను గది కంటే మూడో వరుస సీటు, దాన్ని 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా తీర్చాయి. సామాను పైన క్యారియరు మీదికి ఎక్కింది. నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న కార్లకు 2006లో ఎక్సైజు సుంకం తగ్గించడంతో, తోక పొడవు పెంచడం తయారీదారుకు నష్టమైంది. ఇక్కడా ఆకారాన్ని తీర్చినవాటిలో పన్ను ఒకటి, దిశ మాత్రం వేరు. 2016లో ఇన్నోవా క్రిస్టా ఆరు గేర్ల ఆటోమేటిక్ డీజిల్‌తో వచ్చాక, యూరప్‌లో ఎస్టేట్ చేసిన పని హైదరాబాదు, విజయవాడ రహదారుల మీద ఆ ఎత్తైన బండి చేపట్టింది.

యూరప్‌లోనూ చాలా కుటుంబాలు అలాంటి ఎత్తైన బండ్ల వైపే మళ్లాయి. ఎస్టేట్‌కు మారుపేరైన వోల్వో 2024 ఫిబ్రవరిలో బెల్జియంలోని ఘెంట్‌లో చివరి డీజిల్ వి60ని తయారుచేసి, మరి కొన్ని వారాల్లో స్వీడన్‌లోనూ డీజిల్‌కు స్వస్తి పలికింది. కానీ కథ అన్నిచోట్లా ఒకేలా ముగియలేదు. 1973 నుంచి యూరప్ మధ్యతరగతిని మోసిన ఫోక్స్‌వ్యాగన్ పసాట్ 2023లో కొత్త తరానికి మారినప్పుడు, అక్కడ దాని సెడాన్ రూపాన్ని పూర్తిగా మానేసి ఎస్టేట్‌ను మాత్రమే ఉంచారు, చేత్తో మార్చే గేర్లను తీసేసి అన్ని ఇంజనులకూ డీఎస్‌జీనే అమర్చారు, పెట్రోలు, హైబ్రిడ్ రకాల సరసన రెండు లీటర్ల డీజిల్‌ను మూడు స్థాయుల బలంతో కొనసాగించారు. స్లొవాకియాలోని బ్రాటిస్లావా కర్మాగారంలో స్కోడా సుపర్బ్‌తో పాటు ఒకే వరుసలో తయారయ్యే ఆ కారును డీజిల్‌తో కోరుకునేవారికి ఇప్పుడు ఆటోమేటిక్ ఎస్టేట్ తప్ప మరో రూపమే దొరకదు.